మొహానికి లేజర్ చేయించుకున్నాక ఏం రాయాలి? మూడు చీటీల తగువు

కనుమ నాటి మధ్యాహ్నం, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరి మా ఇంట్లో భోజనాలు ముగిశాక చాప మీదికి మూడు మందుల చీటీలు వచ్చాయి. ఒకటి మా వదినది, ఒకటి వదిన తోడికోడలిది, మూడోది శ్రీకాకుళం నుంచి వచ్చిన మా అప్పది. ముగ్గురూ యాభైకి అటో ఇటో ఉన్నవాళ్లే. ముడతలకీ మచ్చలకీ మొహానికి లేజర్ చేయించుకున్నవాళ్లే, కాకపోతే మూడు వేర్వేరు చోట్ల.

వదిన చీటీలో ఉన్నది ఇదీ: వాసలిన్ పొర ఆరిపోకూడదు, అయిదు రోజుల దాకా సబ్బు, క్రీము, ఎండ ఏవీ తగలకూడదు. తోడికోడలి చీటీ అందుకు పూర్తిగా తిరగబడి ఉంది. అదే రోజు మొహం కడుక్కోవచ్చట, మాయిశ్చరైజరూ సన్‌స్క్రీనూ రాసుకుని మర్నాడే పనికెళ్లొచ్చట. అప్ప చీటీలో మొదటి 2 రోజులు స్టెరాయిడ్ క్రీము, ఆపై వాసలిన్, మూడు వారాలు గడిచాక మచ్చల క్రీము అని రాసుంది.

"ఒకే లేజర్‌కి ముగ్గురు మూడు రకాలుగా రాసీసినారేటే? ఎవరి మాట నమ్మాల?" అని అప్ప నన్నడిగింది. ఆమెకి అప్పటికి లేజరై అయిదో రోజు. బస్సులో మొహానికి చెంగు కప్పుకునే వచ్చింది. బుగ్గల మీద ఇడ్లీ రవ్వ ఆరి అంటుకున్నట్టు గోధుమరంగు గరుకు. రథసప్తమికి అరసవల్లి సూర్యుడి గుడికి వెళ్లాలన్నది ఆమె అసలు బెంగ.

తిరకాసు ఆ ప్రశ్నలోనే ఉంది. వాళ్లు ముగ్గురూ చేయించుకున్నది ఒకే లేజర్ కాదు.

పేరొకటే, పని వేరు

లేజర్ అంటే ఒకే రంగులో, చెదిరిపోకుండా సాగే కాంతి. 1960లో థియోడర్ మైమన్ కెంపు స్ఫటికంతో మొదటి లేజర్‌ని వెలిగించాడు. చర్మం డాక్టర్లు ముడతలకి ఎక్కువగా వాడే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ని 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసింది మనవాడే, బారామతిలో పుట్టిన కుమార్ పటేల్.

ఒక్కో రంగు కాంతిని ఒంట్లో ఒక్కో పదార్థం పీల్చుకుంటుంది. కొన్నింటిని రక్తంలోని ఎరుపు పీలిస్తే, కొన్నింటిని చర్మానికి రంగునిచ్చే మెలనిన్ పీలుస్తుంది, కొన్నింటిని నీరు. సరైన కాంతిని సరైన వ్యవధి పాటు వదిలితే పక్కనున్నవి కాలకుండా అనుకున్న దాన్నే వేడెక్కించవచ్చని 1983లో ఆండర్సన్, ప్యారిష్ అనే ఇద్దరు డాక్టర్లు సూత్రీకరించారు. చర్మం లేజర్లన్నీ ఆ సూత్రం మీదే నడుస్తాయి. ముడతల విషయంలో గురి ఎక్కువగా నీటి మీదే ఉంటుంది. చర్మకణాల్లో నిండుగా ఉండేది నీరే కాబట్టి అది క్షణంలో ఆవిరై, దానితో పాటే ఆ పలుచని పొరా లేచిపోతుంది. అడుగునున్న పొరకి వేడి తగిలి, కొల్లాజెన్ అనే నారపోగులు కొత్తగా అల్లుకోవడం మొదలవుతుంది.

పై పొరని లేపేసే ఇలాంటి లేజర్లని అబ్లేటివ్ అంటారు. కార్బన్ డయాక్సైడ్, ఎర్బియం యాగ్ ఈ కోవలోవి. నీరు ఎర్బియం యాగ్ కాంతిని మరింత బలంగా పీలుస్తుంది, అందుకని అది అడుగున మిగిల్చే వేడి తక్కువ. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ వేడిని మిగులుస్తుంది. బిగువు రావడానికి ఆ వేడే కారణం, మచ్చ పడే ప్రమాదానికీ అదే కారణం. ఇక పై పొరని అలాగే ఉంచి, లోపల మాత్రమే వేడిచేసేవి నాన్ అబ్లేటివ్ లేజర్లు.

దీని మీద ఇంకో మెలిక ఉంది. పూర్వం మొహమంతా ఒకే పొరగా లేపేసేవారు. 2004లో ఫ్రాక్షనల్ పద్ధతి వచ్చింది. పలాస వైపు జీడితోట వేసేటప్పుడు నేలంతా దున్నరు కదా, గుంటలు తీసి మధ్య నేలని ముట్టకుండా వదిలేస్తారు. ఇదీ అంతే, కాంతిని సన్నని చుక్కలుగా విడగొట్టి దింపుతారు. లెక్క వేసి చూద్దాం. బుగ్గ 50 చదరపు సెంటీమీటర్లు అనుకోండి, మెషీన్‌ని 15 శాతానికి పెట్టారనుకోండి. గాయపడేది ఏడున్నర చదరపు సెంటీమీటర్లే, అదీ కంటికి కనిపించని వేల గుంటలుగా. మిగిలిన నలభై రెండున్నర చెక్కుచెదరదు. ఆ గుంటల గట్ల నుంచే కొత్త కణాలు జరిగొచ్చి వాటిని పూడుస్తాయి. ఒకే పొరగా లేపేసిన చర్మం పైపైన మూసుకోవడానికి 7 నుంచి 10 రోజులు పడితే, ఫ్రాక్షనల్ గాయం వారం లోపే మూసుకుంటుంది.

ఐపీఎల్ అనే, పలు రంగుల కాంతిని మెరుపుల్లా వదిలే పద్ధతీ, సూదులతో రేడియో తరంగాలు పంపేదీ కూడా బయట బోర్డుల మీద లేజర్ పేరుతోనే చలామణీ అవుతుంటాయి. నిజానికి రెండూ లేజర్లు కావు.

ఇప్పుడు చీటీలు మళ్లీ చూస్తే చిక్కు సగం విడిపోతుంది. వదినకి చేసింది ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్, అంటే ఆమె మొహం మీద ఉన్నది మానవలసిన పచ్చి గాయం. తోడికోడలికి చేసింది నాన్ అబ్లేటివ్, పై పొర అలాగే ఉంది, రెండు మూడు రోజుల ఎరుపూ వాపూ తప్ప గాయమంటూ కనిపించదు. ఒకరికి చెప్పిన జాగ్రత్త రెండోవారికి అతకదు. అప్ప చీటీలో మాత్రం మెషీన్ పేరే రాయలేదు. అడిగితే, "కళ్లకి నల్లద్దాలు కట్టీసినారు. సురుక్కుసురుక్కుమంది. ఎంట్రుకలు కాలిన వాసనొచ్చింది" అంది. వాసన, అయిదో రోజున రవ్వలాంటి గరుకు. ఆ రెండు ఆనవాళ్లనూ పట్టుకుని ముందుకెళ్దాం.

గాలి తగిలితే మానుతుందా, కప్పితే మానుతుందా

మన ఇళ్లలో గాయానికి చెప్పే మొదటి మాట "గాలి తగలనీ, ఆరుతుంది" అని. వాసలిన్ పూసి కప్పెయ్యమనే చీటీ చూసి పెద్దవాళ్లు నొసలు చిట్లించడం సహజమే. ఆ మాట నూటికి నూరుపాళ్లు తప్పని కూడా అనలేం. మురికి గుడ్డలు కట్టే రోజుల్లో గాలికి వదలడమే నయం.

అయితే 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల చర్మం మీద చిన్న గాయాలు చేసి, కొన్నింటిని గాలికి వదిలి, కొన్నింటిని పల్చటి ప్లాస్టిక్ పొరతో కప్పి చూశాడు. కప్పినవి దాదాపు రెట్టింపు వేగంతో మానాయి. ఎండిన గాయం మీద పక్కు కడుతుంది. కొత్త కణాలు ఆ గట్టి పక్కు కిందికి దూరి, తడి ఉన్నచోటు వెతుక్కుంటూ పాకాలి. తడిగా ఉంచితే వాటికి దారి సుళువు. పక్కు రాకపోతే గీకబుద్ధీ వెయ్యదు, గీకితే మిగిలే గుంటా ఉండదు.

వాసలిన్ చేసే పని ఇంతే. అందులో మందు ఏమీ లేదు. అది పెట్రోలియం నుంచి తీసిన మైనంలాంటి పదార్థం, రాబర్ట్ చీజ్‌బ్రో దానికి 1872లోనే పేటెంటు తీసుకున్నాడు. చర్మం నుంచి ఆవిరయ్యే నీటిని ఇంత గట్టిగా ఆపే చవకైన పదార్థం ఇంకొకటి దొరకలేదు, అందుకే నూటయాభై ఏళ్లయినా చీటీల్లోంచి పోలేదు. ఇన్ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ మేలు కాదా అన్నది తర్వాతి ప్రశ్న. 1996లో అమెరికాలో చిన్న చర్మ ఆపరేషన్లు చేయించుకున్న 900 మందికి పైగా మనుషుల మీద తెల్ల వాసలిన్‌నీ బాసిట్రాసిన్ అనే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్‌నీ పోల్చి చూశారు. ఇన్ఫెక్షన్లలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అవి లేజర్ గాయాలు కావన్నది నిజమే. అయినా నియోమైసిన్, బాసిట్రాసిన్ లాంటివి కొందరికి దురదా దద్దుర్లూ తెస్తాయి, పచ్చి చర్మం మీద అలర్జీ వస్తే అది ఇన్ఫెక్షనా అలర్జీయా అని తేల్చుకోవడం కూడా కష్టం. అందుకే చాలామంది డాక్టర్లు ఉత్త వాసలిన్ దగ్గరే ఆగుతారు.

మన తీరంలో దీనికొక ఇబ్బందుంది. కళింగపట్నం, భావనపాడు వైపు ఉక్కలో మొహమంతా వాసలిన్ పూసుకుంటే చెమట బయటికి రాక చెమటకాయలు లేస్తాయి, మొటిమల తత్వం ఉంటే అవీ లేస్తాయి. చలిదేశంలో రాసిన సలహా ఇక్కడ ఏప్రిల్ నెలలో అలాగే నడవదు. కాబట్టి కొందరు డాక్టర్లు మూణ్నాలుగు రోజులు దాటి పై పొర మూసుకోగానే చర్మంలో తేమని నిలిపే సెరమైడ్లు, పాంథినాల్ లాంటివి ఉన్న పల్చటి క్రీములకి మారుస్తారు. కొందరు చివరిదాకా వాసలినే అంటారు. పొర మూసుకునేదాకా తడి పోకూడదన్న విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

అప్ప బుగ్గల మీద రవ్వ సంగతి. ఫ్రాక్షనల్ గుంటల్లోని కాలిన కణాలు చిన్న చిన్న బిరడాల్లా పైకి తోసుకొచ్చి రాలిపోతాయి. వాటిలో మెలనిన్ ఉంటుంది కనుక కంచురంగులో కనిపిస్తాయి. చాలామంది దాన్ని మురికి అనుకుని సున్నిపిండితో రుద్దేస్తారు. అది మురికి కాదు, లోపలి పని జరుగుతోందనడానికి గుర్తు. దానంతటదే రాలాల్సిన దాన్ని ముందే లాగితే కింద ఇంకా కుదురుకోని చర్మం బయటపడుతుంది.

అసలు కథ నాలుగో వారంలో

ముడతలు తగ్గించడం గురించి ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం తెల్లచర్మం వాళ్ల కోసం రాసినవి. వాళ్లకి వయసు ముందు గీతలుగా కనిపిస్తుంది. మనకి ముందు రంగులో కనిపిస్తుంది: బుగ్గల మీద మంగు, కణతల దగ్గర నలుపు, కళ్లకింద నీడలు. మెలనిన్ గొడుగులా కాస్తుంది కనుక ముడతలు ఆలస్యంగా వస్తాయి. అదే మెలనిన్ లేజర్ తర్వాత పేచీ పెడుతుంది.

డాక్టర్లు చర్మాన్ని ఒకటి నుంచి ఆరు రకాలుగా చెబుతారు. 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి ఇది. చాలామంది దీన్ని రంగుల పట్టీ అనుకుంటారు గానీ, మొదట అది ఒక ప్రశ్న మాత్రమే: ఎండలో నిలబడితే నీ చర్మం కాలుతుందా, నల్లబడుతుందా? అతినీలలోహిత కాంతితో చికిత్స చేసేటప్పుడు ఎవరికి ఎంత మోతాదు అన్నది తేల్చడానికి పుట్టిన ప్రశ్న. ముదురు చర్మాలకి అయిదు, ఆరు తర్వాత చేర్చారు. మన జిల్లాల్లో ఎక్కువమంది నాలుగు, అయిదు మధ్య ఉంటారు. అంటే తేలిగ్గా కాలం, కానీ ఏ చిన్న దెబ్బకైనా నల్లబడతాం. నూనె చిట్లిన చోటా, మొటిమ గిల్లిన చోటా నెలల తరబడి నల్లమచ్చ నిలబడిపోవడం మనకు తెలిసిందే. లేజర్ కూడా చర్మానికి ఒక దెబ్బే. దెబ్బ తగిలితే మెలనిన్ తయారుచేసే కణాలు కంగారుపడి ఎక్కువ తయారుచేస్తాయి. ఆ రంగు పై పొరలో ఉంటే కొన్ని నెలల్లో పోతుంది. అడుగు పొరలోకి జారిందా, బూడిదనీలం రంగులో చాలాకాలం ఉండిపోతుంది.

దీనివల్లే ఎంతోమంది మోసపోయామనుకుంటారు. ఒక ఉదాహరణ చూద్దాం. బొబ్బిలిలో యాభై రెండేళ్ల ఒకావిడకి ఫిబ్రవరి 1న ఫ్రాక్షనల్ లేజర్ చేశారనుకుందాం. మొదటి మూడు రోజులు ఎరుపు, వాపు, మంట. ఏడో రోజుకి రవ్వ రాలి లేత గులాబీ చర్మం బయటపడుతుంది. పదిహేనో రోజుకి మొహం నిగనిగలాడుతుంది, చుట్టాలందరూ అడుగుతారు, ఆవిడ సన్‌స్క్రీన్ పక్కన పెట్టి పెళ్లిళ్లకి తిరగడం మొదలుపెడుతుంది. ఫిబ్రవరి ఆఖరి వారంలో బుగ్గల మీద మసక నలుపు తేలుతుంది. "బాగానే ఉండేది, ఇప్పుడేటైపోనాది?" అని డాక్టరు మీద అనుమానం. నిజానికి నలుపు సాధారణంగా తేలేదే మూడు, నాలుగు వారాల మధ్య. బాగున్నట్టు కనిపించిన ఆ పదిహేనో రోజున కూడా లోపల కణాలు ఉలికిపాటుతోనే ఉన్నాయి. ఎండ వాటిని మరింత రెచ్చగొట్టింది.

పొర మూసుకునే వరకూ జాగ్రత్త పడేది గాయం కోసం. ఆ తర్వాత రెండు మూడు నెలలు జాగ్రత్త పడేది రంగు కోసం. చీటీల్లో ఈ రెండో భాగం ఒక్క ముక్కలో, "ఎండ వద్దు" అని ఉంటుంది. ఆ ఒక్క ముక్కే అన్నిటికంటే బరువైనది.

అరసవల్లి వెలుగు వేరు, మిట్టమధ్యాహ్నం ఎండ వేరు

ప్రత్యక్ష దైవమైన సూర్యుడి గుడి ఉన్న ప్రాంతం మనది. ఎండకి దూరంగా ఉండమంటే మనవాళ్లకి అపచారంలా వినిపిస్తుంది. నిజానికి అరసవల్లి గుడే ఇక్కడ ఒక పాఠం. మార్చి, అక్టోబరు నెలల్లో కొద్దిరోజులు సూర్యోదయాన కిరణాలు నేరుగా లోపలికొచ్చి స్వామి పాదాలని తాకుతాయి. ఆ కిరణాలు నేలకి దాదాపు అడ్డంగా వస్తాయి. అలా వచ్చే వెలుగు గాలిపొరలో చాలా ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది, దారిలో అతినీలలోహిత కాంతి చాలావరకు వడకట్టుకుపోతుంది. అదే సూర్యుడు పది దాటాక నెత్తి మీదికొస్తే ఆ వడపోత పల్చబడిపోతుంది. గడియారం లేకపోయినా నీడ చెబుతుంది: నీడ మనిషికంటే పొడుగ్గా ఉంటే కాంతి మెత్తన, పొట్టిగా ఉంటే కటువు. కాబట్టి పొద్దున్నే సూర్యనమస్కారానికీ మిట్టమధ్యాహ్నం సంతకీ చర్మం లెక్కలో చాలా తేడా ఉంది. అయితే పొర మూసుకోని మొదటి రోజుల్లో చర్మానికి లేతెండ కూడా ఎక్కువే.

ఎండలో చర్మాన్ని తాకేవి మూడున్నాయి. మొదటి రెండూ అతినీలలోహిత కాంతిలో రకాలు. యూవీబీ కమిలిస్తుంది. యూవీఏ లోతుకి దిగి కొల్లాజెన్‌ని తినేస్తుంది, నలుపునీ పెంచుతుంది. మూడోది మామూలు వెలుగు, కంటికి కనిపించేదే. ఈ మూడోదాన్ని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. కనిపించే వెలుగు ముదురు చర్మాన్ని నల్లబరుస్తుందని, లేత చర్మంలో ఆ ప్రభావం కనిపించలేదని 2010లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. మామూలు సన్‌స్క్రీన్లు ఆ వెలుగుని పెద్దగా ఆపవు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్లు ఆపుతాయి. మన చర్మం మీద సున్నం కొట్టినట్టు తెల్లగా తేలకపోవడం వాటితో వచ్చే ఇంకో లాభం.

యూవీఏకి ఇంకో గుణముంది, మామూలు గాజులోంచి కూడా చాలావరకు దూసుకొస్తుంది. శ్రీకాకుళం నుంచి విశాఖకి కిటికీ పక్క సీట్లో అద్దం మూసుకుని వెళ్లినా, ఎండ వైపు కూర్చుంటే రెండు గంటలకి పైగా ఆ బుగ్గకి యూవీఏ తగులుతూనే ఉంటుంది. పల్చటి మబ్బుని నమ్ముకోవడానికీ లేదు, దానిలోంచి అతినీలలోహిత కాంతి 80 శాతం దాకా దిగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గొడుగు కిందున్నా సముద్రపు ఒడ్డున ఇసుక మీద పడింది కొంత పైకి తిరిగొస్తుంది.

సన్‌స్క్రీన్ ట్యూబు మీద ఎస్‌పీఎఫ్ 30, 50 అని ఉంటుంది. కమిలించే కాంతిలో ముప్పయ్యో వంతు, యాభయ్యో వంతు మాత్రమే లోపలికి వస్తుందని దానర్థం, అంటే సుమారు 3.3 శాతం, 2 శాతం. రెంటికీ తేడా అంతే. అసలు తేడా రాసే మోతాదులో ఉంది. ప్రయోగశాలలో ఆ అంకె తేల్చేటప్పుడు చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు పూస్తారు. మొహం సుమారు 500 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే ఒక్కసారికి 1 గ్రాము. 50 గ్రాముల ట్యూబు యాభై సార్లకి వస్తుంది. రోజుకి రెండుసార్లు రాస్తే ఇరవై అయిదు రోజుల్లో ఖాళీ అవ్వాలి. మా వదిన ట్యూబు దసరా ముందు కొన్నది, సంక్రాంతికి ఇంకా సగం ఉంది. ట్యూబు మీద 50 అనే ఉంది గానీ ఆమె మొహానికి అందుతున్నది దానిలో ఏ కొంచెమో. ట్యూబు 500 రూపాయలనుకుంటే ఒక్కసారి సరిగ్గా రాసుకోవడానికి పది రూపాయలు. లేజర్‌కి వేలు పోసినవాళ్లు కూడా పొదుపు చేసేది ఈ పది రూపాయల దగ్గరే.

రసాయన సన్‌స్క్రీనా, జింక్ ఆక్సైడ్ లాంటి ఖనిజ సన్‌స్క్రీనా అన్న వాదనలో, పచ్చి చర్మానికి మంట తక్కువ పెడుతుందని మొదటి వారాల్లో ఖనిజానికే ఎక్కువమంది ఓటు. పొర మూసుకోక ముందు ఏ రకమైనా గాయంలోకి పోతుంది, అప్పుడు గొడుగూ చెంగూ నీడా తప్ప వేరే దారి లేదు. పొయ్యి వేడి కూడా మంగుని పెంచుతుందని చాలామంది డాక్టర్లు హెచ్చరిస్తారు. కనుమ నాడు గారెల బాణలి ముందు కూర్చున్న అప్పని మా అమ్మ లేపేసింది, ఆ శాస్త్రం తెలిసి కాదు, మొహం చూడలేక.

డాక్టర్లే ఏకాభిప్రాయానికి రాని చోట

అప్ప చీటీలోని స్టెరాయిడ్ చూసి అందరికంటే ఎక్కువ ఉలిక్కిపడింది నేనే. దానికి కారణముంది. తెల్లబడటానికని స్టెరాయిడ్ కలిసిన క్రీముల్ని నెలల తరబడి రాసుకుని మొహం ఎర్రబడి, చర్మం పల్చబడి, సన్న రక్తనాళాలు తేలి, మానేస్తే మంటలెత్తే పరిస్థితి మన ఊళ్లలో కొత్త కాదు. చర్మవైద్యుల సంఘం ఏళ్ల తరబడి గోల పెట్టాక 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది.

అలాంటి మందుని పచ్చి చర్మం మీద రాయమంటారా? దాన్ని సమర్థించే వాదన ఇది: నల్లమచ్చకి మూలం వాపు, ఆ వాపుని మొదటి గంటల్లోనే అణిచేస్తే మెలనిన్ కణాలు కంగారుపడవు. 2015లో థాయ్‌లాండ్ పరిశోధకులు ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ చేసిన మొహాల్లో ఒక పక్క రెండురోజులు గట్టి స్టెరాయిడూ ఆపై వాసలినూ, రెండో పక్క ఉత్త వాసలినూ రాయించారు. స్టెరాయిడ్ రాసిన పక్క నలుపు తక్కువగా వచ్చింది. వాళ్లూ ఆసియా చర్మం వాళ్లే. ఒప్పుకోని డాక్టర్ల మాటా కొట్టిపారేసేది కాదు. స్టెరాయిడ్ ఇన్ఫెక్షన్‌ని కప్పిపుచ్చుతుంది, మానడాన్ని నెమ్మదింపజేస్తుంది, పైగా మన దగ్గర రెండు రోజులకని రాసిన ట్యూబు రెండు నెలలు వాడేవాళ్లే ఎక్కువ. నాకు ఈ చివరి మాటలోనే బరువు కనిపిస్తుంది. మందు ఒకటే అయినా రెండు రోజుల చికిత్స వేరు, రెండు నెలల వ్యసనం వేరు. అప్ప చీటీలో రోజుల సంఖ్య స్పష్టంగా రాసుంది, కాబట్టి అది మొదటి కోవకే వస్తుంది.

లేజర్‌కి ముందు కొన్ని వారాలు హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ లాంటి మచ్చల క్రీములు రాస్తే నలుపు రాదన్నది ఇంకో నమ్మకం. 1999లో వంద మంది మీద పరీక్షిస్తే ముందే రాయడం వల్ల లాభం కనిపించలేదు. అప్పటి లేజర్ పై పొరని మొత్తంగా లేపేసేది. ఆ తర్వాత కొత్త పొరని పంపేది వెంట్రుకల కుదుళ్లలో లోతుగా ఉన్న కణాలు. పైన రాసిన క్రీము వాటిదాకా అందకపోవచ్చన్నది ఒక వివరణ. కానీ ఆ వంద మందీ మనకంటే లేత చర్మం వాళ్లు. అందుకే మన డాక్టర్లలో చాలామంది ఇప్పటికీ ముందుగానే రాయిస్తారు. తర్వాత ఎప్పుడు మొదలుపెట్టాలన్న దాంట్లో కూడా రెండు వారాలనేవారూ నాలుగనేవారూ ఉన్నారు. పచ్చి చర్మానికి ట్రెటినోయిన్, గ్లైకాలిక్ ఆమ్లం మంట పెడతాయి, ఆ మంటే మళ్లీ నలుపవుతుంది. మరీ ఆలస్యమైతే నలుపు ముందే తేలిపోతుంది. అప్ప చీటీలోని మూడు వారాలు ఈ రెంటికీ మధ్య కుదిర్చిన రాజీ.

పసుపు, కలబంద, కొబ్బరినూనె

నలుగు లేని పెళ్లి లేదు, పసుపు రాయని మొహం లేదు. పసుపులోని కర్క్యుమిన్ వాపుని తగ్గించడం ప్రయోగశాలలో కనిపించిన మాట వాస్తవం. చిక్కు కర్క్యుమిన్‌తో కాదు, పొడితో. దంచిన పొడి గరుకుగా ఉంటుంది, అందులో సూక్ష్మజీవులుంటాయి, కల్తీ రంగు ఉంటే చెప్పనక్కర్లేదు. బాగున్న చర్మం వీటన్నిటినీ బయటే ఆపుతుంది. లేజర్ గుంటలు తెరిచి ఉన్న చర్మం ఆపలేదు. కలబందదీ అదే కథ. లోపలి తెల్లని గుజ్జు చల్లనిదే, కానీ ఆకు కోసిన చోట కారే పసుపు పాలు మండిస్తాయి, పెరట్లో కోసినప్పుడు రెండూ కలిసే వస్తాయి. కొబ్బరినూనె పొర మూసుకున్నాక చాలామందికి పడుతుంది, మొటిమల తత్వం ఉన్నవాళ్లకి పడదు. వీటన్నిటిలో నిజంగా చెడ్డది నిమ్మరసం. దాన్ని రాసుకుని ఎండలోకి వెళితే లేజర్ లేని చర్మం మీదే బొబ్బలూ నల్ల చారలూ తేలతాయి.

మామూలుది ఏది, కానిది ఏది

ఎరుపు, వాపు, మంట రోజురోజుకీ తగ్గుతూ పోవడం మామూలు. మొదటి రెండు రోజులు సన్నగా నీరు ఊరడమూ మామూలే. తగ్గిన నొప్పి మూడో రోజు తర్వాత మళ్లీ పెరిగితే, చీము పడితే, పసుపు పక్కులు కడితే, జ్వరమొస్తే అది ఇన్ఫెక్షన్ దారి. చిన్న చిన్న నీటిపొక్కులు గుత్తిగా లేచి నొప్పెడితే హెర్పిస్ వైరస్ కావచ్చు. జ్వరం వచ్చి తగ్గాక పెదవి అంచున పొక్కులు లేచే అలవాటున్నవాళ్లలో ఆ వైరస్ నరాల్లో నిద్రపోతూ ఉంటుంది, లేజర్ వేడికి మేలుకుంటుంది. అందుకే మొహమంతా అబ్లేటివ్ లేజర్ చేసేటప్పుడు ముందే ఎసైక్లోవిర్ కోవకి చెందిన మాత్రలు మొదలుపెడతారు. పొక్కుల విషయంలో రెండు రోజులు ఆగి చూద్దామనుకుంటే మచ్చ మిగిలే ప్రమాదముంది. లేజర్ విశాఖలో చేయించుకున్నా, ఇలాంటప్పుడు చూపించుకోవడానికి విజయనగరం, శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాలల ఆస్పత్రులు దగ్గరలోనే ఉన్నాయి. చూసే డాక్టరు మొదట అడిగేది మెషీన్ పేరే. చీటీలో అదే లేకపోతే సగం సమయం ఊహల్లో పోతుంది.

ముడతల సంగతి చెప్పలేదేమని అడగొచ్చు. మొదటి వారంలో మొహం నిండుగా, నున్నగా కనిపించడం చాలావరకు వాపు వల్లే, ఆ వాపు దిగాక "మళ్లీ వచ్చీసినాయి" అని దిగులుపడేవాళ్లున్నారు. కొత్త కొల్లాజెన్ మూడు నుంచి ఆరు నెలల పాటు నెమ్మదిగా అల్లుకుంటుంది. సంక్రాంతికి చేసిన పని ఫలితం ఇంచుమించు ఆషాఢానికి గానీ తేలదు.

అప్ప ఆ సాయంత్రమే క్లినిక్‌కి ఫోన్ చేసి అడిగింది. ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ అన్నారు. కాలిన వాసనా, రవ్వా చెప్పింది అదే. చీటీ వెనకాల పెన్నుతో ఆ పేరూ, చేసిన తేదీ రాసుకుంది. తర్వాత క్యాలెండర్ తీసి రథసప్తమి దాకా రోజులు లెక్కబెట్టింది. పొర మూసుకుని చాలా రోజులవుతుంది, కానీ నలుపు తేలే వారాలు దాటవు. దర్శనాలు అర్ధరాత్రి నుంచే మొదలవుతాయి కదా అని అమ్మ గుర్తుచేసింది.

"అయితే చీకట్లోనే లైన్లో నిలబడతాను" అంది అప్ప. "నీడ నాకంటే పొట్టిదయ్యేలోపు ఇంటికొచ్చీస్తాను."